ఆ పసుపు చీటీ తీసే అధికారం ఎవరిది?

నెల్లూరు జిల్లాలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక మండలం నుంచి ఒక పాఠకురాలు తొమ్మిది పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. ఊరి ఆనవాళ్లు, కంపెనీ ఆనవాళ్లు నేనే తీసేశాను. ఆ ఉత్తరం సారాంశం ఇది.

ఆమెకు 36 ఏళ్లు. ఎమ్మెస్సీ పూర్తిచేసి, 11 ఏళ్ల కిందట రొయ్యలను శుద్ధి చేసి ఎగుమతి చేసే ఒక కర్మాగారంలో క్వాలిటీ విభాగంలో చేరారు. అప్పుడు అక్కడ 200 మంది పనిచేసేవారు. యజమానిని అందరూ ‘పెద్దాయన’ అంటారు. ఆయన తెల్లవారకముందే రబ్బరు బూట్లు వేసుకుని పీలింగ్ బల్లల మధ్య తిరిగేవారు. ‘ఏమ్మా, ఈ రోజు సరుకు ఎలా ఉంది?’ అని నేరుగా ఈమెనే అడిగేవారు. ఇప్పుడు కంపెనీకి మూడు ప్లాంట్లు, ఒంగోలు వైపు ఒక మేత మిల్లు, ఒక హేచరీ, చెన్నైలో ప్రధాన కార్యాలయం ఉన్నాయి. మొత్తం 4,000 మందికి పైగా ఉద్యోగులు. ఈమె సీనియర్ ఎగ్జిక్యూటివ్. ఈమెపైన ఉండవలసిన క్వాలిటీ మేనేజర్ కుర్చీ రెండేళ్లుగా ఖాళీ. అందువల్ల సెలవులకు, అప్రైజల్‌కు ప్లాంటు మేనేజర్ పై అధికారి. సాంకేతిక విషయాలకు చెన్నైలో ఉండే క్వాలిటీ హెడ్ పై అధికారి. ఆ ప్లాంటు మేనేజర్ ఈమెకు వరసకు బావగారు, భర్తకు పెదనాన్న కొడుకు. ఈ ఉద్యోగం వేయించింది కూడా ఆయనే.

గత సెప్టెంబరులో ఒక రాత్రి షిఫ్టు. ఒంటిగంటకు మూడు వాహనాల్లో సరుకు దిగింది. రెండో బండిలో అడుగు టబ్బులు ముట్టుకుంటేనే తేడా తెలిసింది. ఐసు కరిగి నీళ్లయింది. థర్మామీటరు గుచ్చితే 9 డిగ్రీలు చూపించింది. 4 దాటకూడదని వాళ్ల ప్లాంటు నియమం. ఆరు టబ్బులు పక్కకు లాగించి, ఒక్కొక్క దాని పిడికి, సరుకు ఆపి ఉంచమని చెప్పే పసుపు రంగు ‘హోల్డ్’ చీటీని పురికొసతో కట్టారు. ప్లాంటు మేనేజర్‌కు ఫోను చేశారు. ‘ఐసు కొట్టి నడిపించండి, కంటైనర్ తేదీ దాటిపోతుంది’ అన్నారాయన. ఫోను స్పీకరులో ఉంది. చుట్టూ గ్రేడింగ్ మేస్త్రీ, పది మంది ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. ఈమె ఆ కంగారులో ‘బావగారూ, అది కుదరదు’ అన్నారు. ప్లాంటులో ఎప్పుడూ ‘సార్’ అనే పిలుస్తారట. నాలుగున్నరకు టీ తాగి వచ్చేసరికి టబ్బులు ఖాళీ. ఒక చీటీ తడినేల మీద బూటు అచ్చుతో పడి ఉంది. దాన్ని ఆరబెట్టి సొరుగులో దాచుకున్నారు.

చెన్నైకి ఫోను చేస్తే, ‘ప్లాంటుతో మాట్లాడి సర్దుకోండి’ అన్నారు. మూడో రోజు నేరుగా పెద్దాయనకు మెయిల్ రాశారు. ఆయన ‘చూడగలరు’ అని ఒక్క మాట చేర్చి కిందికి పంపారు. కింది ఆయన ‘పరిశీలన కోసం’ అన్నారు. ఆ కింది ఆయన ‘తగిన చర్య కోసం’ అన్నారు. ఇంకొకరు ‘నాతో మాట్లాడండి’ అన్నారు. ఆరో రోజుకు ఆ మెయిల్ ఈమె పేరుతో సహా బావగారి కంప్యూటర్‌కు చేరింది. కొనుగోలుదారు నుంచి ఏ ఫిర్యాదూ రాలేదు. కానీ అప్పటి నుంచి ఉదయం ఎనిమిదిన్నర మీటింగుకు ఈమెకు పిలుపు లేదు. అప్రైజల్‌లో ‘బృంద స్ఫూర్తి మెరుగుపడాలి’ అని రాశారు. ఇప్పుడు హెచ్‌ఆర్ వాళ్లు ఒంగోలు మేత మిల్లుకు డిప్యూటీ మేనేజర్‌గా వెళ్తారా అని అడుగుతున్నారు. భర్త ఉద్యోగం నెల్లూరులో. అబ్బాయి వచ్చే జూన్‌లో పదో తరగతికి వస్తాడు. పైగా వచ్చే నెలలో ఆడపడుచు ఇంట గృహప్రవేశం. బావగారు పెద్దరికంగా వస్తారు.

‘పెద్దాయనకు రాయడం నా తప్పా? ఇది పదోన్నతా, శిక్షా? ఆ మనిషి ముఖం ఎలా చూడాలి?’ అని అడిగారు.

* * *

అమ్మా,

మీ ఉత్తరంలో ‘ఆ చీటీలు ఎవరు తీశారో ఇప్పటికీ తెలియదు’ అన్న మాట మూడు చోట్ల ఉంది. మేస్త్రీనా, చిల్ రూం కుర్రవాడా, షిఫ్టు ఇన్‌ఛార్జా అని ఒక్కొక్కరినీ అనుమానించుకుంటూ వచ్చారు. ఎవరు తీశారన్నది తెలిసినా మీకు ఒరిగేది తక్కువ. ఆ చీటీ తీసే అధికారం ఎవరికి ఉందో మీ కంపెనీలో ఎక్కడైనా రాసి ఉందా? తొమ్మిది పేజీల్లో ఈ ప్రశ్న ఒక్కసారి కూడా రాలేదు. నేను 31 ఏళ్లు సిబ్బంది విభాగాల్లో పనిచేశాను. మనుషుల తగాదాగా నా బల్ల ముందుకు వచ్చిన వాటిలో చాలాభాగం, తవ్వి చూస్తే, ఎవరు ఎవరికి జవాబు చెప్పాలో తేల్చకుండా వదిలేసిన చోట పుట్టినవే. మీదీ అలాంటిదే అని నా అనుమానం.

ముందు పెద్దాయన సంగతి. ‘ఆయన మారిపోయారు’ అని మీరు చాలా నొచ్చుకున్నారు. మారింది ఆయన కంటే ఎక్కువగా లెక్క. ఒక మనిషి దగ్గరుండి చూసుకోగలిగేది ఎనిమిది మందిని అనుకుందాం. ఆ ఎనిమిది మందీ తలా ఎనిమిది మందిని చూస్తే 64. ఇంకో మెట్టు దిగితే 512. మరో మెట్టు దిగితే 4,096. మీ కంపెనీ దాదాపు అంతే కదా. అంటే పెద్దాయనకూ పీలింగ్ బల్ల దగ్గరి అమ్మాయికీ మధ్య మూడు వరసల మనుషులు వచ్చి కూర్చోవడం ఎవరి కుట్రా కాదు, ఎక్కం. మెట్లు తగ్గించాలంటే ఒక్కొక్కరి కింద 16 మందిని పెట్టాలి. అప్పుడు రెండు వరసలతో సరిపోతుంది గానీ, ఏ అధికారికీ తన కింది వాళ్ల మాట వినే తీరిక ఉండదు. 1933లో గ్రైకునస్ అనే సలహాదారు దీన్ని ఇంకా నిశితంగా లెక్కగట్టాడు. ఒక అధికారి కింద ఐదుగురు ఉంటే, ఆయనకూ వాళ్లకూ, వాళ్లలో వాళ్లకూ, విడివిడిగానూ గుంపులుగానూ ఏర్పడే సంబంధాలు 100 అట. ఆరో మనిషి చేరగానే అవి 222. మన ఉమ్మడి కుటుంబాల్లో ఒక కోడలు కొత్తగా అడుగుపెడితే ఏమవుతుందో చూసినవాళ్లకు ఈ సూత్రం వేరే చెప్పనక్కరలేదు.

ఈ ఇబ్బందిని మొదట కాగితం మీద పెట్టింది రైలు వాళ్లు. అమెరికాలో ఈరీ రైలు మార్గానికి సూపరింటెండెంటుగా ఉన్న మెకల్లమ్ అనే ఆయన, 50 మైళ్ల దారి అయితే అధికారి స్వయంగా చూసుకోగలడు, 500 మైళ్ల దారికి అది కుదరదు అని తన నివేదికలో రాశాడు. యాభై మైళ్లంటే నెల్లూరు నుంచి కావలి దాటి ఇంకొంత దూరం. 1855లో ఆయన గీయించిన పటంలో కంపెనీ ఒక చెట్టులా ఉంటుంది. విచిత్రం ఏమిటంటే డైరెక్టర్లు వేళ్ల దగ్గర ఉంటారు, కొమ్మలూ ఆకులూ పైన. ఇవాళ మీ హెచ్‌ఆర్ గోడ మీద వేలాడే పటంలో పెద్దాయన ఫోటో పైన ఉంటుంది కదా, దానికి తలకిందులన్నమాట. ప్రతి మనిషీ తన పై అధికారి ఒక్కరి మాటే వినాలి, ఆయనకే జవాబు చెప్పాలి అన్నది మెకల్లమ్ పెట్టిన నియమం. దానితోపాటు కింది నుంచి తంతి ద్వారా గంటగంటకూ కబురు రావాలన్న నియమం కూడా పెట్టాడు. రెండో నియమం లేకుండా మొదటిది పనిచేయదని ఆయనకు తెలుసు. చాలా కంపెనీలు మొదటిదాన్ని మాత్రమే అరువు తెచ్చుకున్నాయి.

మెట్ల మీద ఆజ్ఞ కిందికి దిగేటప్పుడు బరువెక్కుతుంది. కబురు పైకెక్కేటప్పుడు పలచబడుతుంది. మీ రాత్రినే తీసుకోండి. మీ నోట్లో అది ‘9 డిగ్రీలు, ఆరు టబ్బులు’. షిఫ్టు ఇన్‌ఛార్జి నోట్లో ‘ఒక బండిలో ఐసు కొంచెం తగ్గింది’. ప్లాంటు మేనేజర్ చెప్పినప్పుడు ‘చిన్న ఇబ్బంది వచ్చింది, సరిచేశాం’. చెన్నైలో ఉదయం రిపోర్టులో ‘రాత్రి షిఫ్టు సాఫీ’. వీళ్లలో ఒక్కరూ పచ్చి అబద్ధం ఆడలేదు. ప్రతివారూ తమకు మాట రాకుండా ఒక ముక్క చెక్కారు, అంతే. ఆ రిపోర్టు చూసుకుని పెద్దాయన కాఫీ తాగి ఉంటారు. మూడు రోజులకు ఆయన చేతికి మీ మెయిల్ వస్తే, ఆయన దృష్టిలో అది సాఫీగా నడిచిన షిఫ్టు మీద ఒక ఫిర్యాదు.

మీ బావగారి వైపు కూడా ఒకసారి చూడాలి. ఆయన చేసింది సరైన పని అని నేను అనడం లేదు. హోల్డ్ పెట్టిన సరుకును ఫోనులో నోటిమాటతో వదిలించడం తప్పు. ‘ఏమైంది, ఏమీ కాలేదుగా’ అని ఆ తర్వాత ఆయన అన్నట్లు రాశారు. గడ్డకట్టిస్తే సూక్ష్మజీవుల పెరుగుదల ఆగుతుంది గానీ చాలావరకు అవి చావవు. ఈ సంగతి మీకు నాకంటే బాగా తెలుసు. పైగా ఆ ఆరు టబ్బులను మంచి సరుకుతో కలిపేశారు. రేపు ఎప్పుడైనా ప్రశ్న వస్తే ఏది ఏ చెరువుదో విడదీయలేరు, లాటు మొత్తానికీ సమాధానం చెప్పాలి. అయినా ఆయనను కంపెనీ ఏ తూనికతో తూస్తోందో అడగండి. రోజుకు ఎన్ని టన్నులు, కంటైనర్ తేదీకి వెళ్లిందా లేదా, ఈ రెండే అయి ఉంటాయి. ఆపిన సరుకుకు ఆయనకు మార్కులు పోతాయి. ఆపినందుకు మీకు మార్కులు వేయవలసిన కలం కూడా ఆయన చేతిలోనే పెట్టారు. క్వాలిటీ మనిషి జీతం పెంపు ఉత్పత్తి మనిషి చేతిలో ఉంటే, ఆ కుర్చీలో ఎంత మంచి బావగారు కూర్చున్నా ఏదో ఒక రాత్రి ఇదే జరుగుతుంది. ఖాళీగా ఉన్న ఆ క్వాలిటీ మేనేజర్ కుర్చీ రెండేళ్లుగా జీతం మిగిల్చిందని ఎవరో సంతోషించి ఉంటారు. దాని ఖర్చు మీ మీద పడింది.

ఆ రోజు ఫోనులో ‘బావగారూ’ అన్నారు చూడండి, దాన్ని మీరు రెండు వాక్యాల్లో దాటేశారు. నేను దాటలేకపోయాను. ‘సార్, అది కుదరదు’ అంటే ఒక విభాగం ఇంకో విభాగానికి చెప్పిన మాట. ‘బావగారూ, అది కుదరదు’ అంటే తాను ఉద్యోగం వేయించిన ఇంటి కోడలు, పది మంది పనివాళ్ల ముందు, స్పీకరులో ఎదురుచెప్పడం. ఆయన విన్నది ఇదే. ఆరు రోజుల తర్వాత మెయిల్ వచ్చేనాటికి ఆ గాయం మీద అప్పటికే పెచ్చు కట్టి ఉంది, మీ మెయిల్ దాన్ని రేపింది. మీ వాదన బలాన్ని ఇది ఒక్క వీసం కూడా తగ్గించదు. కానీ అసలు మంట ఎక్కడ ఉందో తెలియకుండా ఆయనతో మాట్లాడటానికి వెళ్తే, మీరు డిగ్రీల గురించి మాట్లాడుతుంటారు, ఆయన ఇంకేదో వింటుంటారు.

పెద్దాయనకు రాయడం తప్పా? ఫ్రాన్స్‌లో ఆన్రీ ఫాయోల్ అనే గనుల ఇంజనీరు 1888 నుంచి 1918 దాకా, 30 ఏళ్లు, ఒక పెద్ద గనుల కంపెనీని నడిపాడు. తన అనుభవాన్ని 1916లో అచ్చువేశాడు. ఒక మనిషికి ఒకే పై అధికారి ఉండాలని గట్టిగా చెప్పింది ఆయనే. ఆ మనిషే ఇంకో మాట కూడా అన్నాడు. అవసరం లేకుండా మెట్లు దాటడం తప్పే, కానీ పనికి నష్టం జరుగుతుంటే మెట్లు పట్టుకుని వేలాడటం అంతకంటే పెద్ద తప్పు అని. కాబట్టి దాటినందుకు మీరు తలవంచుకోనక్కరలేదు. దాటిన తీరులోనే పొరపాటు ఉంది. చెన్నై ఆయనకు మీరు ఫోను చేశారు, రాయలేదు. ఫోనుకు ‘సర్దుకోండి’ అని జవాబు చెప్పడం తేలిక. అదే రోజు ఆయనకు నాలుగు ముక్కలు రాసి ఉంటే కథ వేరుగా నడిచేది: లాటు నంబరు ఫలానా, 9 డిగ్రీలు, నేను హోల్డ్ పెట్టాను, నా సంతకం లేకుండా విడుదలైంది, ఇది ఎవరి ఆదేశం, రేపు సాయంత్రంలోగా మీ నిర్ణయం రాసి పంపండి, అందకపోతే పై వారికి తెలియజేయవలసి ఉంటుంది. అలాంటి కాగితం చేతిలో పడ్డాక ‘సర్దుకోండి’ అని రాసి పంపే ధైర్యం చాలామందికి ఉండదు. పైగా మీరు పైకి వెళ్తారని ఆయనకు ముందే తెలిసేది. పైకి వెళ్లడాన్ని అధికారులు ఓర్చుకుంటారు. తమకు తెలియకుండా వెళ్లడాన్ని మాత్రం ఓర్చుకోలేరు. ఇక మీ మెయిల్ నకలు చదివాను. ఏడు పేరాల్లో ఐదు మీకు జరిగిన అవమానం గురించే ఉన్నాయి. ఏమి చేయమంటున్నారో ఎక్కడా లేదు. ఏమి చేయాలో చెప్పని కాగితాన్ని పెద్దవాళ్లు కిందికి తోసేస్తారు. అయితే మీ పేరు తీయకుండా తోసేయడం మాత్రం పెద్దాయన తప్పే. అంత అనుభవం ఉన్న మనిషికి ఆ కాగితం ఎక్కడికి చేరుతుందో తెలియకుండా ఉండదు.

మా నాన్నగారు కనిగిరి జలాశయం కింద ఒక కాలువ మీద లస్కరు, అంటే షట్టర్లు తిప్పి నీళ్లు వదిలే ఉద్యోగి. కనిగిరి పట్టణం దగ్గరిది కాదు, బుచ్చిరెడ్డిపాలెం దగ్గరిది. లస్కరు పైన వర్క్ ఇన్‌స్పెక్టర్, ఆ పైన ఇంజనీర్ల వరస: ఏఈ, డీఈ, ఈఈ, ఎస్‌ఈ, సీఈ. ఒక ఎండాకాలం చివరి భూముల రైతు ఒకాయన నీళ్లు అందడం లేదని వీళ్లందరినీ దాటి ఈఈ గారి దగ్గరకు వెళ్లాడు. ఆయన అక్కడికక్కడే ఆదేశం ఇచ్చారు, నీళ్లు వచ్చాయి. తర్వాతి వంతుకు ఏమైందంటే, మా నాన్నగారు షట్టరు సరిగ్గా కాగితంలో ఉన్నంత ఎత్తే ఎత్తారు, సరిగ్గా కాగితంలో ఉన్నంతసేపే. అంతకుముందు ఆ రైతు కోసం ఓ అరగంట ఎక్కువ ఉంచేవారు. నియమం తప్పలేదు కాబట్టి ఎవరూ ఏమీ అనలేకపోయారు. నాన్నగారు ఈ సంగతి గర్వంగా చెప్పేవారు. నాకు చిన్నప్పటి నుంచీ అది నచ్చలేదు. కానీ రోజూ షట్టరు తిప్పే చేయి ఎవరిదో ఆ రైతు చూసుకోలేదన్నది కూడా నిజమే. ఎనిమిదిన్నర మీటింగుకు పిలుపు రాకపోవడం, ‘బృంద స్ఫూర్తి’ అని గీకడం మీ విషయంలో ఆ షట్టరు తిప్పుడే.

ఇప్పుడు మీ ముందున్న దారులు. వాటికంటే ముందు ఒక్క పని ఉంది, అది ఈ వారమే చేయండి. ఆ రాత్రి రిజిస్టరులో ఏమి రాశారో మీ ఉత్తరంలో లేదు. నాకు భయం వేసింది అక్కడే. ఉష్ణోగ్రత గడిలో 9 అని ఉందా? ‘తీసుకున్న చర్య’ గడిలో ఎవరి చేతిరాత ఉంది? కింద సంతకం మీదేనా? ఆ గడి ఖాళీగా ఉంటే ఇప్పుడు నింపవద్దు. పాత తేదీతో ఒక్క అక్షరం కూడా రాయవద్దు, ఎవరు చెప్పినా సరే. ఈ రోజు తేదీ వేసి, ఆ రాత్రి జరిగింది అర పేజీలో వేరే కాగితం మీద రాసి, చెన్నై ఆయనకు పంపి, నకలు దాచుకోండి. ఎగుమతి ప్లాంట్లకు అనుమతి ఇచ్చేది, తనిఖీ చేసేది 1963 చట్టం కింద ఏర్పడిన ఎగుమతుల తనిఖీ మండలి. రేపు వాళ్లు వచ్చి రిజిస్టరు తెరిస్తే, బావ మరదళ్ల తగాదా ఎవరికీ కనిపించదు, సంతకమే కనిపిస్తుంది. బూటు అచ్చున్న ఆ చీటీ సొరుగులో ఉండటం మంచిదే గానీ, అది మీ కోపానికి సాక్ష్యం, రిజిస్టరు సరుకుకు సాక్ష్యం.

ఉన్నచోటే ఉండి బావగారితో సర్దుకోవడం ఒక దారి. ఇంటి దగ్గర కాదు, ఆయన గదిలో, తలుపు వేసి, పది నిమిషాలు. ‘ఆ రోజు అందరి ముందూ అలా పిలిచి కాదనడం నా పొరపాటు, మీకు చెప్పకుండా పైకి రాయడం కూడా పొరపాటు. సరుకు ఆపడం మాత్రం పొరపాటు కాదు, మళ్లీ అలాంటిది వస్తే మళ్లీ ఆపుతాను’ అనండి. మూడు ముక్కలూ ఒకేసారి చెప్పాలి. మొదటి రెండూ చెప్పి మూడోది మింగితే క్షమాపణ అవుతుంది. మూడోదొక్కటే చెబితే యుద్ధం అవుతుంది. మీటింగుకు పిలుపు కూడా అక్కడే అడగండి. ఆయన మెత్తబడవచ్చు. పదకొండేళ్ల కిందట మీకోసం నలుగురి దగ్గరకు తిరిగిన మనిషే కదా. కానీ మెత్తబడినా కలం ఆయన చేతిలోనే ఉంటుంది, ఆయన తూనిక మారదు. వచ్చే వేసవిలో ఇంకో ఐసు కరిగిన బండి వస్తే మళ్లీ మొదటికి వస్తారు.

రెండోది, ఎవరు ఎవరికి జవాబు చెప్పాలో చూపే గీతను మార్చమని అడగడం. చెన్నై ఆయనకు ఒక పేజీ ప్రతిపాదన రాయండి. అందులో రెండే కోరికలు ఉండాలి. హోల్డ్ పెట్టిన సరుకు క్వాలిటీ విభాగం సంతకం లేకుండా కదలకూడదు, ఆ సంతకం ఎవరిదో పేరుతో సహా రాసి ఉండాలి. ప్లాంట్లలోని క్వాలిటీ సిబ్బంది అప్రైజల్ చెన్నై రాయాలి, ప్లాంటు మేనేజర్ అభిప్రాయం అడిగి తీసుకోవచ్చు. మీ పేరు, ఆ రాత్రి, బావగారు, ఏదీ అందులో రాకూడదు. మూడు ప్లాంట్లకూ వర్తించే మాటగా ఉండాలి. సీటు కదలకుండా గీత మారడం మనకు కొత్త కాదు. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు వచ్చినప్పుడు కందుకూరు ప్రకాశం నుంచి నెల్లూరు జిల్లాలోకి మారింది. అక్కడి గుమాస్తా బల్ల, ఫ్యాను, అరుగు మీద కూర్చునే అర్జీదారులు అంతా అలాగే ఉన్నారు. ఒంగోలుకు వెళ్లే ఫైలు నెల్లూరుకు వెళ్లడం మొదలైంది, అంతే. కాకపోతే ఆ ఒక్క మార్పుతో ఎవరిని కలవాలి, ఎవరి సంతకానికి ఎదురుచూడాలి అన్నవి మారిపోతాయి. మీ చెన్నై ఆయనకు ఇందులో ఆశ కూడా ఉంది, ఆయన కింద మనుషులు పెరుగుతారు. ఎదుటివారికి లాభం ఉన్న ప్రతిపాదన త్వరగా కదులుతుందని నేను చాలాసార్లు చూశాను. ఇబ్బంది ఏమిటంటే దీనికి ఆరు నెలలో ఏడాదో పడుతుంది, మధ్యలో ఆగిపోనూవచ్చు. ఇంకొకటి, ఇది బావగారికి వేరే దారిలో తెలిస్తే రెండో దెబ్బగా తీసుకుంటారు. పంపే ముందు చిత్తుప్రతి ఆయనకు చూపించండి. ఒప్పుకోనక్కరలేదు, చూస్తే చాలు. ‘ఆపినా వదిలినా చెన్నైదే బాధ్యత అవుతుంది, కంటైనర్ ఆలస్యమైతే మాట మీకు రాదు’ అని చెప్పండి. అది నిజం కూడా. రాత్రిళ్లు ఫోనులో తేల్చే భారం తనమీద నుంచి పోతుందంటే ఆయనే ఊపిరి పీల్చుకోవచ్చు.

ఫాయోల్ దగ్గర ఇంకో ఉపాయం ఉంది, ఇది ఎవరి అనుమతీ పెద్దగా అక్కరలేనిది. ఒక విభాగంలోని చిన్న అధికారికి ఇంకో విభాగంలోని చిన్న అధికారితో పని పడితే, ఒకడు పై దాకా ఎక్కి, అక్కడి నుంచి రెండో వైపు కిందికి దిగాలా? మధ్యలో అడ్డంగా ఒక పట్టె వేసుకుని నేరుగా మాట్లాడుకోండి, మీ మీ పై అధికారులకు తెలియజేస్తూ ఉండండి అన్నాడు. మన కాలువల మీద తాటి పట్టె వేసుకుని దాటమూ, వంతెన దాకా నడిచి వెళ్తామా? సరుకు కొనే విభాగంలో బండ్లు పంపే అతనితో మీకు అలాంటి పట్టె లేదు. చెరువు దగ్గర ఐసు ఎంత వేశారో, బండి ఎన్ని గంటలకు బయలుదేరిందో అతను రాత్రి పదింటికే మీకు ఫోనులో రాసి పంపితే, ఒంటిగంటకు తొమ్మిది డిగ్రీలు చూసి గుండె జారే పని ఉండదు. సగం హోల్డులు అక్కడే తప్పుతాయి.

ఒంగోలు సంగతి. ఇది పదోన్నతా, శిక్షా అన్నది హోదా పేరు చూస్తే తెలియదు. హెచ్‌ఆర్‌ను నాలుగు అడగండి: గ్రేడు మారుతుందా లేక పేరు మాత్రమేనా, అక్కడ నా అప్రైజల్ ఎవరు రాస్తారు, నాసిరకం ముడిసరుకు వస్తే ఆపే అధికారం నియామక ఉత్తర్వులో ఉంటుందా, ఇంతకుముందు ఆ సీటులో ఉన్నవారు ఎందుకు వెళ్లారు. నాలుగో ప్రశ్నకు వచ్చే మౌనం కూడా జవాబే. అక్కడా మిల్లు మేనేజరే అప్రైజల్ రాసేటట్లయితే, మీరు 120 కిలోమీటర్లు ప్రయాణించి ఇదే గొడవను చుట్టం కాని మనిషితో పడతారు. చుట్టం కాకపోవడం కొంత నయమే అనుకోండి. మేత మిల్లు పని వేరు, చేప పొడి, సోయా, గోధుమ పిండి, తేమ శాతం. మీ పదకొండేళ్ల పనితనంలో సగం ఇక్కడే వదిలి వెళ్లాలి, రెండేళ్లు విద్యార్థిలా ఉండాలి. రోజూ రైలు మీద తిరిగేవాళ్లు ఉన్నారు, పోనూ రానూ నాలుగైదు గంటలు పోతాయి. అబ్బాయి పదో తరగతి ఏడాది ఆ గంటలు ఎవరివో మీకే తెలుసు. ఇష్టం లేకపోతే ‘వెళ్లను’ అని రాయవద్దు. ‘సంతోషం, ఫలానా వివరాలు తెలిశాక, విద్యాసంవత్సరం చూసుకుని చెబుతాను’ అని రాయండి. తలుపు మూసేయకుండా రెండు మూడు నెలలు దొరుకుతాయి. ఆ లోగా చెన్నై ప్రతిపాదన ఎటు పోతోందో తెలుస్తుంది.

ఇంకో దారి కూడా ఉందని తెలిసి ఉండటం మంచిది. 2013 కంపెనీల చట్టం ప్రకారం స్టాక్ మార్కెట్లో నమోదైన కంపెనీలు, ప్రజల దగ్గర డిపాజిట్లు తీసుకున్నవి, బ్యాంకుల నుంచి 50 కోట్ల రూపాయలకు మించి అప్పు తెచ్చుకున్నవి ‘విజిల్ మెకానిజం’ అనే ఏర్పాటు పెట్టాలి. దాని ద్వారా ఉద్యోగి తన ఆందోళనను ఆడిట్ కమిటీకి గానీ, బోర్డు నియమించిన డైరెక్టరుకు గానీ తెలియజేయవచ్చు. అలా చెప్పినవారిని వేధించకుండా రక్షణ ఉండాలని కూడా చట్టంలో ఉంది. అంత వ్యాపారం, అంత అప్పు ఉన్న మీ కంపెనీకి ఇది వర్తించే అవకాశమే ఎక్కువ, వెబ్‌సైటులో వెతికి చూడండి. ఇప్పుడు మాత్రం దాన్ని తట్టవద్దంటాను. ఒకసారి జరిగిన దానికి, నష్టం కనిపించని దానికి, ఆరు నెలల తర్వాత అక్కడికి వెళ్తే పాత కక్షలా కనిపిస్తుంది. మళ్లీ జరిగితే, మీ చేతిలో కాగితాలు సరిగ్గా ఉంటే, ఆ రోజు వెళ్లండి. వెళ్లాక మాత్రం ఆ ప్లాంటులో మీరు మునుపటి మనిషిగా ఉండలేరు. చట్టం ఉద్యోగాన్ని కాపాడుతుంది గానీ, టీ బల్ల దగ్గర పక్క కుర్చీని కాపాడలేదు.

నా మొగ్గు రెండో దారి వైపు, మొదటి దారిలోని పది నిమిషాల మాట ముందు ముగించుకుని. మీకు అక్కడ ఊపిరాడటం లేదనిపిస్తే ఒంగోలు వెళ్లినా నేను తప్పనను. పేజీల నిండా ‘నిద్ర పట్టడం లేదు’ అని ఉంది. అది కూడా లెక్కలోకి రావలసిందే.

గృహప్రవేశానికి వెళ్లండి. మానేస్తే ఆడపడుచు నొచ్చుకుంటారు, ప్లాంటు గొడవ కాస్తా ఇంటి గొడవ అవుతుంది. అప్పుడు దాన్ని ఏ హెచ్‌ఆరూ తీర్చలేదు. ఆయన పలకరించేదాకా ఆగవద్దు, ‘బాగున్నారా బావగారూ’ అని మీరే ముందు అనండి. ఆయన పది మందిలో ప్లాంటు సంగతి ఎత్తితే ‘సోమవారం మీ గదికి వస్తానండీ’ అని వడ్డన వైపు వెళ్లిపోండి. పొరపాటున కూడా అక్కడ ‘సార్’ అనకండి. ఆ పిలుపు సోమవారానికి దాచుకోండి.